బంతి వైపు చూడని మనిషి

బెల్‌ఫోర్డ్, మిసిసిపీ
1986 సెప్టెంబర్ 7, ఆదివారం

వెండెల్ అన్నయ్యకు,

నిన్న టీవీలో నువ్వు రిఫరీగా ఈల పట్టిన కాలేజీ ఫుట్‌బాల్ ఆట చూశాం. మీ బావ రూఫస్ నిన్ను తిట్టినవన్నీ రాస్తే పోస్టుమాన్ ఈ కవరు చేత్తో ముట్టుకోడు. "మీ అన్న చారల చొక్కాతో పాటు కళ్ళు కూడా ఇస్త్రీకిచ్చాడా ఏంటే" అని మొదలుపెట్టి, భోజనాల దాకా ఆపలేదు. అవతలి జట్టువాడు బంతి వదిలేశాడని, అది మన మాగ్నోలియా స్టేట్ కాలేజీకే దక్కాలని స్టేడియమంతా చూసిందట. వాడి మోకాలు ముందే నేలకు తగిలి ఆట ఆగిపోయిందని నువ్వొక్కడివే అన్నావట. ఈ రోజు చర్చిలో సిస్టర్ ఓలీ ఆ గీత దగ్గర జడ్జికి చూపు ప్రసాదించమని దేవుణ్ణి వేడుకుంది. ఆ జడ్జి నా తోడబుట్టినవాడని ఆవిడకు తెలీదు. నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను.

సరే, అసలు సంగతి అది కాదు. శుక్రవారం సాయంత్రం మన కోర్డెల్ హైస్కూలు జట్టుకు ఆడిన ఆటలో ఒకటి జరిగింది. రెండు రోజులుగా దాన్ని ఎవరికైనా చెబుదామని నోరు తెరవడం, మూసుకోవడం.

బంతి వాడి చేతికొచ్చింది. కుడివైపు పరుగెత్తాడు. ముగ్గురు మీదికొస్తున్నారు. ఇక ఈ ముగ్గురి కింద పడతాడు, నేను కళ్ళు మూసుకోవాలి, ఎప్పుడూ మూసుకుంటాను. ఈసారి మూసుకునే లోపు వాడు ఆగిపోయాడు. వేగం తగ్గించడం కాదన్నయ్యా, నిలబడ్డాడు. ఏటి మధ్య రాయిని దాటి నీళ్ళు పోయినట్టు ఆ ముగ్గురూ వాడి పక్కనుంచి పోయారు. తర్వాత వాడు ఖాళీ అయిన చోటు నుంచి వెళ్ళాడు, వంటింట్లోకి మంచినీళ్ళ కోసం వెళ్ళినంత తాపీగా. వాడు గోల్ గీత దాటేదాకా ఒక్కరూ అరవలేదు. బ్యాండులో డప్పు వాయించేవాడు కర్ర పైకెత్తి అలాగే ఉండిపోయాడు. అవతలి ఊరి వాడొకాయన టోపీ తీశాడు.

నేను చరిత్ర పాఠం చెప్పేదాన్ని. ఒక్క సాక్షి మాట నమ్మొద్దని, అందులోనూ ఆ సంగతిలో తనకు పట్టింపున్న సాక్షిని అసలే నమ్మొద్దని ఏటా పిల్లలకు చెబుతాను. నేను వాడి తల్లిని. నా సాక్ష్యం చెల్లదు. రూఫస్ సాక్ష్యం చెప్పనే అక్కర్లేదు. నువ్వైతే ఇన్నేళ్ళుగా ఈ దేశంలోని గొప్ప ఆటగాళ్ళకు మూడు గజాల దూరంలో నిలబడినవాడివి. ఒక్కసారి వచ్చి చూడు. మా వాడు నిజంగా అంతటివాడా, లేక నావి తల్లి కళ్ళా, ఆ ఒక్క ముక్క చెప్పు. తమ జట్టులో చేరమని వాడికి కాలేజీల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. అన్నిటికంటే మాగ్నోలియా స్టేట్ వాళ్ళూ, కాన్సాస్ నుంచి వీలర్ యూనివర్సిటీ వాళ్ళూ వదలడం లేదు.

ఫోన్ చేయకు. ఫోన్లో నువ్వు ఊఁ అంటావు, అంతే. ఉత్తరంలోనైతే నాలుగు వాక్యాలైనా గిట్టుబాటవుతాయి.

నీ చెల్లెలు,
ఇమోజీన్


మేకన్, జార్జియా
1986 సెప్టెంబర్ 16

ఇమోజీన్‌కు,

మోకాలు ముందే తగిలింది. సోమవారం లీగ్ ఆఫీసు వాళ్ళు ఫిల్ము తిప్పి చూశారు, వాళ్ళకీ అలాగే కనిపించింది. రూఫస్ బావకి చెప్పు, నా కళ్ళు నా దగ్గరే ఉన్నాయి, తన కళ్ళజోడు ఫ్రిజ్ మీద వెతుక్కోమను. సిస్టర్ ఓలీ ప్రార్థన మాత్రం మానొద్దను. ఈ వృత్తిలో ఎవరి ప్రార్థనైనా అక్కరకొస్తుంది.

నువ్వు నా పని గురించి పొరబడుతున్నావు. మైదానం మీద చారల చొక్కాలవాళ్ళం ఏడుగురం. ఎవరి మడి వాళ్ళకుంది. నేను ఆట మొదలయ్యే గీత చివర నిలబడతాను. నా చివర, బంతి తెచ్చేవాడికి కాపు కాసే కుర్రాడు ఎదుటివాణ్ణి తోయొచ్చు, పట్టుకోకూడదు. పట్టుకున్నాడా లేదా అన్నదే నా పని, పట్టుకుంటే పసుపు గుడ్డ విసురుతాను, వాళ్ళ పరుగు చెల్లదు. వాడి చేతులే నా పుస్తకం. బంతి నా దగ్గరికి వస్తే చూస్తాను, రాకపోతే చూడను. కొత్తగా వచ్చినవాళ్ళకు మేం మొట్టమొదట నేర్పేది అదే, బంతి వైపు చూడొద్దని. బంతి వైపు చూసేవాడు డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కోవాలి.

కాబట్టి నేను గొప్పవాళ్ళ పక్కన నిలబడిన మాట నిజమే. చూసింది మాత్రం వాళ్ళ ముందున్నవాళ్ళ చేతుల్ని.

అక్టోబర్ మొదటి శనివారం మీ రాష్ట్రంలోనే ఆట వేశారు. ముందురోజు సాయంత్రం మీ ఊళ్ళో ఆగి చూసి పోతాను. భోజనానికి ఉండను, ఆట ముందురాత్రి ఏడుగురం ఒకే హోటల్లో ఉండాలి. ఏ కాలేజీ మంచిదన్న మాట మాత్రం నన్నడగొద్దు. ఈ చొక్కా వేసుకున్నవాడు ఒక కుర్రాడు ఎక్కడ చేరాలో చెప్పకూడదు. చెల్లెలి కొడుకైనా సరే.

వెండెల్


బెల్‌ఫోర్డ్
1986 అక్టోబర్ 5

అన్నయ్యకు,

నీకోసం కాల్చిన పెకాన్ పై, ఆ తీపి గింజల వంటకం, మన ప్యాస్టరు గారు తిన్నారు. చాలా బాగుందన్నారు. నీకు ఆ సంగతి తెలియాలని రాస్తున్నాను.

ఆట అయ్యాక కోర్డెల్ హెల్మెట్ చేత్తో పట్టుకుని నీకోసం కంచె దాకా పరుగెత్తుకొచ్చాడు. తన స్నేహితులకు చెప్పుకున్నాడు, మా మామయ్య పెద్ద లీగ్‌లో జడ్జి, ఈ రోజు నన్ను చూడ్డానికొస్తున్నాడని. నువ్వు వాడి భుజం తట్టి "మోకాళ్ళు జాగ్రత్త" అన్నావు. కారెక్కావు. వాడు ఇంటికొచ్చి చాలాసేపు మోకాళ్ళకేసి చూసుకున్నాడు.

మూడో భాగంలో వాడు చేసింది చూశావుగా. మొన్న నేను రాసినదాని కన్నా అది పెద్దది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి మళ్ళీ ఎడమకు మైదానమంతా కోసుకుంటూ పోయాడు. వాడి అడుగు పడిన చోటల్లా ఒకడు కూలిపోయాడు, వీడు వాళ్ళను తాకింది లేదు. నా పక్కన కూచున్న ముసలాయన, పత్తి మిల్లులో పనిచేసినాయన, ఏడుస్తున్నాడు. ఎందుకండీ అంటే "నాకేం తెలుసమ్మా, కళ్ళు వాటంతటవే కారుతున్నాయి" అన్నాడు. జనమంతా లేచి నిలబడ్డారు. నేను కంచె దగ్గర నీ ముఖం వెతికాను. బ్యాంకు క్యూలో నిలబడ్డట్టున్నావు.

నాకు అర్థమైంది అనుకుంటాను. గొప్పవాళ్ళను చూసిన కళ్ళకు మావాడు ఆనలేదు. మంచి కుర్రాడు, మా జిల్లాకు సరిపోతాడు, అంతే. చెల్లెలి మనసు నొప్పించడం ఇష్టం లేక మోకాళ్ళ మాట చెప్పి వెళ్ళిపోయావు. నన్ను నొప్పిస్తే ఫర్వాలేదన్నయ్యా. వాణ్ణి నాలుగేళ్ళు ఎక్కడో పెద్ద జట్టులో బెంచీ మీద కూచోబెట్టే కన్నా ఇప్పుడే తెలుసుకోవడం నయం. నిజం రాయి.

ఇమోజీన్


మేకన్
1986 అక్టోబర్ 14

ఇమోజీన్‌కు,

పెకాన్ పై సంగతికి విచారిస్తున్నాను.

మీ ఎడమ చివర కాపు కాసే డ్వెయిన్ అనే కుర్రాడు చేతులు తెరిచి పెడుతున్నాడు, మంచి అలవాటు. ఆ వయసులో అందరూ చొక్కాలు పట్టుకుంటారు. వాళ్ళ కోచ్‌కు ఈ మాట చెప్పు. అవతలి జట్టులో యాభై రెండో నంబరు కుర్రాడి పేరు తెలిస్తే రాయి. మీ ఊరి రిఫరీలు గీతకు మరీ దగ్గరగా నిలబడుతున్నారు, ఒకరోజు ఎవరో ఒకరు వాళ్ళ మీద పడతారు. కోర్డెల్ బంతిని బయటివైపు చేతిలోనే ఉంచుతున్నాడు. అది సరైన పద్ధతి.

నేను చూసిందేమిటో చెప్పడానికి ఇంకొంచెం ఆలోచించాలి. కాలేజీల సంగతి అడగొద్దని ముందే చెప్పాను.

వెండెల్


బెల్‌ఫోర్డ్
1986 నవంబర్ 23

వెండెల్ టాలివర్ గారికి,

యాభై రెండో నంబరు కుర్రాడి పేరు కనుక్కోలేదు. కనుక్కోను కూడా.

గురువారం మాగ్నోలియా స్టేట్ నుంచి కోచ్ స్టబుల్‌ఫీల్డ్ మా ఇంటికొచ్చాడు. ముఖం నిండా నవ్వు, చేతినిండా ఉంగరాలు. క్యాట్‌ఫిష్ వేపుడు రెండుసార్లు వడ్డించుకున్నాడు, మొక్కజొన్న రొట్టె లెక్క పెట్టలేదు. "అమ్మగారూ, మీ వంట తిన్నాక మీ అబ్బాయి ఎందుకిలా పరుగెడుతున్నాడో తెలిసింది" అన్నాడు. రూఫస్ ఊరుకుంటాడా, "మరి నేనూ ఇదే తింటున్నా కోచ్ గారూ, వీధి చివరి దాకా నడవలేను" అన్నాడు. అందరం నవ్వాం. కోర్డెల్ మాత్రం పళ్ళెం వైపు చూస్తూ కూచున్నాడు. వాడికి మాగ్నోలియా స్టేట్ అంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు. అయిదేళ్ళప్పుడే దుప్పటి చుట్ట చంకలో పెట్టుకుని, రేడియోలో వాళ్ళ ఆట వింటూ గది చుట్టూ పరుగెత్తేవాడు.

వెళ్ళేముందు ఆయన గోడ మీద నీ ఫొటో చూశాడు, చారల చొక్కాలో నువ్వున్నది. "ఈయన మీకేమవుతారు" అన్నాడు. మా అన్నయ్య అన్నాను. ఆయన ముఖంలో నవ్వు కాస్త సర్దుకుంది. "చాలా మంచి అధికారి అమ్మగారూ. పాపం, మీవాడు మా దగ్గర చేరితే ఆయన ఈల దాచేసుకోవాలి" అన్నాడు. ఎందుకంటే చెప్పాడు. రక్తసంబంధం ఉన్న కుర్రాడు ఆడే జట్టు ఆటలకు నువ్వు నిలబడకూడదట. ఆ జట్టుతో పై స్థానానికి పోటీపడే వాళ్ళ ఆటలకూ నిలబడకూడదట. అంటే లీగ్‌లో నీకు మిగిలేదేమీ లేదు. వాడి నాలుగేళ్ళు పూర్తయ్యేసరికి నీకు ఆ పనికి వయసు దాటిపోతుంది.

ఇప్పుడు అన్నీ కలిశాయి. రాతిముఖం ఎందుకో, మోకాళ్ళ మాట ఎందుకో, కాలేజీల సంగతి అడగొద్దని రెండుసార్లు ఎందుకు రాశావో. వేరే లీగ్‌లో ఉన్న వీలర్‌కు పొమ్మని నువ్వు నోటితో చెప్పలేవు, అందుకే వాణ్ణి పొగడకుండా ఊరుకున్నావు.

నీ బాధ నాకు తెలీదనుకోకు. మన నాన్న మాగ్నోలియా స్టేట్ స్టేడియం చెక్కకంచె బయట నిలబడి పలకల సందులోంచి ఆట విన్నాడు. చూశాడనను, విన్నాడు. లోపలికి వెళ్ళే హక్కు మన నల్లవాళ్ళకు లేనిరోజులు. మన ఇంట్లోంచి ఆ పచ్చిక మీద మొదట అడుగు పెట్టింది నువ్వు, అదీ తీర్పు చెప్పే మనిషిగా. ఆ చొక్కా వదులుకోమని అడిగే నోరు నాకు లేదు. కానీ నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

కోచ్ వెళ్ళాక కోర్డెల్ అన్నాడు, "అమ్మా, మామయ్య నా ఆట బాగాలేదన్నాడనుకున్నా. ఇదా సంగతి. అయితే నేను కాన్సాస్ పోతాలే. మంచు కూడా చూసినట్టుంటుంది." నవ్వుతూనే అన్నాడు. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఏదో ఒక కాలేజీకి ఫిబ్రవరిలో సంతకం పెట్టాలి. నువ్వు వాణ్ణి వద్దన్నావా, లేక వాడి ఆట నీకు నిజంగానే ఆనలేదా? ఈ రెంటిలో ఏది ఎక్కువ బాధో నాకే తెలియడం లేదు.

ఇమోజీన్


మేకన్
1986 డిసెంబర్ 2

చెల్లెమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పు నాదే. దాచిన సంగతి మాత్రం నువ్వనుకున్నది కాదు.

ఆ పరుగు నేను చూడలేదు.

మూడో భాగంలో మైదానం మూల దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాను. వాణ్ణి చూడ్డానికే వచ్చానని మనసులో వందసార్లు చెప్పుకున్నాను. బంతి కదిలింది. నా కళ్ళు వాటంతటవే డ్వెయిన్ చేతుల మీదికి పోయాయి. ఇరవై ఏళ్ళ అలవాటు, దాణా వేళకు గొడ్డు కొట్టం దారి పట్టినట్టు. డ్వెయిన్ ఎదురుగా యాభై రెండో నంబరు కుర్రాడు. పెద్ద ఒడ్డూ పొడుగూ. ఇద్దరూ తోసుకుంటున్నారు. చేతులు తెరిచే ఉన్నాయి, తప్పేమీ లేదు. నేను చూస్తూనే ఉన్నాను.

అప్పుడు యాభై రెండో నంబరు తోయడం ఆపేశాడు. నిటారుగా నిలబడ్డాడు. చేతులు కిందికి జారాయి. వాడి ముఖం నావైపు ఉంది, కళ్ళు మాత్రం మైదానం మధ్యలో ఉన్నాయి. మొదటిసారి రైలును చూసే పిల్లాడి ముఖం. వాడి జట్టు ఓడిపోతోంది, వాడు ఆపాల్సిన మనిషి ఇరవై గజాల్లో ఉన్నాడు, అయినా వాడి నోరు తెరుచుకుని ఉంది. డ్వెయిన్‌కు ఏమైందో అర్థం కాలేదు, వాడూ వెనక్కి తిరిగాడు. క్షణం కిందట కొట్టుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు భుజం భుజం కలిపి నిలబడి చూస్తున్నారు. ఈల మోగకముందు ఎదురెదురు కాపువాళ్ళు కొట్టుకోవడం ఆపగా నేనెప్పుడూ చూడలేదు. నేను చూసిన గొప్పవాళ్ళందరి ఆటల్లోనూ, ఒక్కసారి కూడా.

నేను తల తిప్పేసరికి కోర్డెల్ గోల్ గీత దాటి బంతిని రిఫరీ చేతిలో పెడుతున్నాడు.

నువ్వు సాక్ష్యం అడిగావు. నేను ఆ సంగతి చూడలేదు, చూసినవాడి ముఖం చూశాను. వాడు అవతలి జట్టువాడు, పట్టింపున్న సాక్షే. అయితే వాడి పట్టింపు వీడు ఓడిపోవాలని. అందుకే వాడి పేరు అడిగాను. వాణ్ణి ఒకసారి కలుసుకుని, ఏం చూశావురా అబ్బాయ్ అని అడగాలనిపించింది. మూడువందల మైళ్ళు కారు నడుపుకుని వచ్చి మేనల్లుడి పరుగు చూడకుండా పోయానని నీకెలా రాయను? కోర్డెల్ కంచె దగ్గరికి వచ్చి నా ముఖంలోకి చూస్తుంటే మోకాళ్ళ మాట వచ్చింది. వేరేది రాలేదు.

స్టబుల్‌ఫీల్డ్ చెప్పిన కట్టుబాటు నిజం. అయితే నేను నవంబర్ మొదట్లోనే లీగ్ ఆఫీసుకు చెప్పేశాను, ఈ సీజనుతో ఆపేస్తానని. మీవాడి కోసం కాదు, వాణ్ణి అలా అనుకోనివ్వకు. మీ ఊరొచ్చి వెళ్ళిన మర్నాటి ఆటలో బంతి పట్టిన కుర్రాడు పరుగెత్తగానే నా కళ్ళు వాడి వెంట పోయాయి. వీడు మనవాడిలా ఆగుతాడా అని చూస్తున్నాను. సరిగ్గా నా ముందు ఒకడు ఎదుటివాడి చొక్కా పట్టుకుని లాగాడు, నేను గుడ్డ విసరలేదు. అసలు చూడనేలేదు, ఫిల్ములో చూసుకున్నాను. తర్వాతి శనివారమూ అంతే. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. నాకు తెలుసు, చాలు. నా చూపు చెడిపోయింది, ఇమోజీన్. ఇక నేను ఆ గీత దగ్గర నిలబడడం ధర్మం కాదు.

వాడికి ఎక్కడ మనసైతే అక్కడే సంతకం పెట్టమను. నాకోసం కాన్సాస్ పోతే అది తప్పుడు ఆట. గుడ్డ విసురుతాను.

అన్నయ్య


బెల్‌ఫోర్డ్
1987 ఫిబ్రవరి 12

అన్నయ్యకు,

ముందు క్షమించమని అడగాలి. అడిగాననుకో. నీ పేరు పక్కన గారు పెట్టి కవరు పంపినందుకు నాకే నవ్వొస్తోంది.

నిన్న ఉదయం ఎనిమిదింటికి స్కూలు లైబ్రరీలో సంతకం. కుర్రాడి వయసు తక్కువ కాబట్టి తల్లిదండ్రుల సంతకమూ ఉండాలి. రూఫస్ కొత్త టై కట్టుకున్నాడు, ముడి వెయ్యడం రాక ప్యాస్టరు గారి చేత వేయించుకున్నాడు. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి, మాగ్నోలియా స్టేట్‌దీ, వీలర్‌దీ. అంతవరకూ వాడు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. నీ దగ్గర నేర్చుకున్నాను.

నీ డిసెంబర్ ఉత్తరం వచ్చిన రోజే, వంటింట్లో వాడు తింటుండగా చదివి వినిపించాను. మామయ్య నీ పరుగు చూడలేదట నాన్నా అంటే, వాడు ఆశ్చర్యపోతాడనుకున్నాను. "నాకు తెలుసమ్మా" అన్నాడు. నీకెలా తెలుసురా అంటే చెప్పాడు, వాడన్నది అన్నట్టే రాస్తున్నాను: "పరుగెడుతుంటే అందరి ముఖాలూ కనిపిస్తాయమ్మా. అన్నీ నావైపే తిరుగుతుంటాయి, పొద్దుతిరుగుడు తోటలాగా. మూల దగ్గర ఒక్క ముఖం తిరగలేదు. మామయ్యది. డ్వెయిన్‌కేసి చూస్తున్నాడు. అక్కడేదో ఉంది, లేకపోతే మామయ్య చూడడు కదా అనుకుని మళ్ళీ ఎడమకు తిరిగా. అక్కడ ఆ పెద్దోడు చేతులు కిందికేసుకుని నిలబడి ఉన్నాడు. దారి తెరిచి పెట్టినట్టుంది."

చెంచా సింకులో పడేసి వెళ్ళిపోయాడు. నేను అక్కడే కూచుండిపోయాను. నేను మామూలుగా రోడ్డు దాటుతున్నప్పుడే నాకు ఎదుటి మనిషి ముఖం గుర్తుండదు. వీడు అంతమంది మీదికొస్తుండగా, తలకాయ పగిలే చోట, మామయ్య ఎటు చూస్తున్నాడో చూశాడు. వీణ్ణి నేనే కన్నానా అనిపించింది. పుట్టినప్పుడు వీడి బరువెంతో, ఏ ఏడు పొంగు పోసిందో అన్నీ గుర్తున్నాయి. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం చెప్పలేను. నిన్న పొద్దున వాడికి చొక్కా గుండీ పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను, చర్చిలో పీఠం మీది గిన్నె ముట్టుకోబోయినట్టు. తల్లి అలా అనుకోవచ్చో లేదో.

లైబ్రరీలో వాడు మాగ్నోలియా స్టేట్ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. సంతకం పెట్టేముందు నావైపు చూసి, "మామయ్య ముందే మానేశాడు కదమ్మా, నిజంగా?" అన్నాడు. నేను అవునన్నాను. అన్నయ్యా, నువ్వు లీగ్ ఆఫీసుకు చెప్పింది నా నవంబర్ ఉత్తరానికి ముందా, తర్వాతా అని నా చదువు నన్ను ఇంకా పీకుతోంది. తేదీలు అడగడం నా వృత్తి. ఈ ఒక్కసారికి అడగను. సంతకం పెట్టాను. నాన్న పేరు కూడా ఆ కాగితంలో ఎక్కడో పట్టాలనిపించింది, చోటు లేదు.

సెప్టెంబర్‌లో మొదటి ఆట. మూడు టిక్కెట్లు ఇస్తారట. మూడోది నీది.

ఇమోజీన్


బెల్‌ఫోర్డ్
1987 సెప్టెంబర్ 14

అన్నయ్యకు,

మేకన్ క్షేమంగా చేరావని రూఫస్‌తో ఫోన్లో చెప్పావట. "మీ అన్న ఇవాళ రెండు ఊఁలు ఎక్కువన్నాడు" అన్నాడు. నాకు ఆ ఊఁలు చాలవు.

నాలుగో భాగంలో వాణ్ణి లోపలికి పంపినప్పుడు మనం ముగ్గురం లేచి నిలబడ్డాం. తర్వాత జరిగింది మళ్ళీ రాయను, నువ్వు నా పక్కనే ఉన్నావు. అంత పెద్ద స్టేడియం ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దం ఇంకా నా చెవుల్లో ఉంది. వాడు గీత దాటాక లేచిన హోరుకు కాళ్ళకింద సిమెంటు కదిలింది. ఆ తర్వాత ఆ పసుపు గుడ్డ. పచ్చిక మీద, ఎక్కడో వెనకాల, చిన్నగా. మనవాళ్ళలో ఒకడు ఎదుటివాణ్ణి పట్టుకున్నాడట. పరుగు చెల్లదట. రికార్డుల పుస్తకంలో అది లేదు. రేపు ఎవరైనా తీసి చూస్తే కోర్డెల్ టాలివర్ గ్రీర్ ఆ రోజు అంత దూరం పరుగెత్తనే లేదు.

రూఫస్ ఏమన్నాడో నీకు తెలుసు, మన ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళకూ తెలుసు. నేను నీ చెయ్యి పట్టుకుని, నిజంగానే పట్టుకున్నారా అన్నయ్యా అని అడిగాను. నువ్వు చెప్పలేదు. మైదానం వైపే చూస్తున్నావు. మళ్ళీ అడిగాను. కారు దాకా నడుస్తూ అడిగాను. గుడ్డ విసిరింది నీ చోట నిలబడినవాడు, నీ గీత చివర, నీ చొక్కా వేసుకుని. అది చూసి నీ మనసు కలత పడిందనుకున్నాను. మా కోసం వదులుకున్నావని, ఆ మాట ఇన్నాళ్ళూ దాచావని, ఆ క్షణంలో నీ ముఖం చెప్పేసిందనుకున్నాను. ఆదివారమంతా అదే ఆలోచన. నీకు పశ్చాత్తాపంగా ఉంటే నాకు చెప్పు. తీర్పు సరైనదో కాదో అదీ చెప్పు. నీకు తెలియకుండా ఉండదు.

ఇమోజీన్


మేకన్
1987 సెప్టెంబర్ 18

చెల్లెమ్మా,

నా చోట నిలబడిన కుర్రాడు మంచివాడు. వాడికి కాలు ఎక్కడ పెట్టాలో నేర్పింది నేనే. వాణ్ణి చూసి నేను కలత పడలేదు. వాణ్ణి చూడనే లేదు.

కోర్డెల్ చేతికి బంతి అందేటప్పుడు వాడి ఎడమకాలు ముందుంది. రెండడుగులు వేశాడు. అక్కడ దారి లేదు. వాడికి అది నాకన్నా ముందే తెలుసు, ఎందుకంటే భుజం అప్పటికే తిరుగుతోంది. మొదటివాడు వాడి నీడను పట్టుకున్నాడు. తర్వాత వాడు ఆగాడు. ఇన్నాళ్ళూ నువ్వు రాస్తే, ఆగడం అంటే ఏమిటో అనుకున్నాను. ఇమోజీన్, మైదానం మీద అందరూ పరుగెత్తుతున్నారు, తానెక్కడున్నాడో వాడొక్కడికే తెలుసు. వాడి ముఖంలో భయం లేదు, పంతం లేదు. ఎవరో పిలిస్తే వింటున్నట్టుంది. మళ్ళీ కదిలినప్పుడు మధ్య గీత దగ్గర ఇద్దరు ఒకరినొకరు గుద్దుకున్నారు, వాళ్ళు అయిదు గజాల దూరంలో ఉన్నాడనుకున్నవాడు అప్పటికే వాళ్ళ వెనకున్నాడు. చివరి ఇరవై గజాలు వాడి వెంట ఎవరూ లేరు. అప్పుడూ వాడు వేగం తగ్గించలేదు. తల కొంచెం పైకెత్తి పరుగెత్తాడు. నాన్న చేలోంచి ఇంటికొచ్చేటప్పుడు అలాగే ఎత్తేవాడు. నీకు చెబుదామని అప్పుడే అనుకున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. నా పక్కనవాళ్ళు అరుస్తున్నారో లేదో కూడా నాకు వినిపించలేదు.

తీర్పు సంగతి. కారు దాకా మూడుసార్లు అడిగావు. జవాబు లేక ఊరుకున్నాను, కోపం వచ్చి కాదు. జీవితంలో ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగితే అవునో కాదో చెప్పాను. తిట్లు తిన్నాను గానీ తెలియదని ఎన్నడూ అనలేదు.

పట్టుకున్నారో లేదో నాకు తెలియదమ్మా. నేను వాణ్ణే చూస్తున్నాను.

అన్నయ్య